పదకొండు నిమిషాలు

పద్నాలుగు రోజులు. అంతే దాని కడుపు.
పదిహేనో రోజు మింగాలంటే
మొదటి రోజుని అరిగించుకోవాలి.
కుతాయిసి ఊళ్ళో ఇలాంటి నల్ల పెట్టెలు
నేను బిగించినవే వందకు పైగా.
ఏదీ గుర్తుపెట్టుకోదు,
వరస తప్పకుండా మరిచిపోతుంది.

జనవరి ఇరవై మూడు, పొద్దుగూకే వేళ
ఠాణా చీటీ పట్టుకుని నజిబ్రోలా ఇంటికి వెళ్ళాను.
"తొమ్మిదో తారీకు, రాత్రి ఏడూ నలభై. కట్టెల దొంగతనం.
వీడియో కాపీ చేసి తేవలెను."

పెట్టె టీవీ వెనక లేసుగుడ్డ కప్పుకుని ఉంది.
గుడ్డ మీద పింగాణీ జింక.
జింకను దించి, దుమ్ము ఊది, మౌసు గుచ్చి
పాస్‌వర్డ్ అడిగితే
మనవరాలి పుట్టినరోజు చెప్పింది. తప్పు.
చచ్చిపోయిన కుక్క పేరు చెప్పింది. తెరుచుకుంది.

చూశాను.
బూడిదరంగు మంచులో బూడిదరంగు మనిషి.
గొళ్ళెం మోగకుండా
రెండు వేళ్ళతో ఎత్తి పక్కకి జరపడం తెలిసిన మనిషి.
ద్రాక్షపందిరి కింద
చీకట్లో కూడా ఎక్కడ వంగాలో తెలిసిన మనిషి.
ఏడు బీచ్ కట్టెలు,
పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.
ఒకటి జారిపడింది.
గేటు దాకా వెళ్ళినవాడు వెనక్కొచ్చి
దాన్నీ తీసుకుపోయాడు.

"ఎవరో తెలుసా?" అన్నాను.
"చలి" అంది.

పెన్‌డ్రైవ్ తీశాను.
"ముందు తిను."
'నీ పీడ నాకు రాను' అంటారు మా వైపు, ముద్దుగా.
అలా అంటూనే భుజం పట్టి కూచోబెట్టింది.
చిక్కుడుగింజల కూర, పొగలు కక్కే మొక్కజొన్నరొట్టె,
పెరటి ద్రాక్ష వైను ఒక గ్లాసు, దాని మీద ఇంకో గ్లాసు.
"ఏడూ నలభై దాటితే పోతుందమ్మా,
ఆ రోజు మీదే ఈ రోజు రాసుకుంటుంది."
"ఉప్పు సరిపోయిందా?"
"ఫిర్యాదు మీరే కదా రాసిచ్చారు!"
"రాసినప్పుడు చూడలేదు.
చూశాక రాయలేదు."

గోడగడియారంలో ఏడూ నలభై.
ఏడూ నలభై ఒకటి.
నలభై రెండుకి ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని లేచింది.
"ఇప్పుడు చెయ్యి నాయనా.
పంతొమ్మిదో తారీకు. తెల్లవారుజాము అయిదు."

పెట్టె ముందు కూచున్నాను.
తెర మూల తెల్లటి అంకెలు: ఏడూ ముప్ఫై ఒకటి.
క్రిస్మస్‌నాడు కరెంటు పోయి వచ్చినప్పుడు కాబోలు
పెట్టె గడియారం పదకొండు నిమిషాలు వెనకబడింది.
అంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడు,
గొళ్ళెం మీద రెండు వేళ్ళతో.
ఒక్క నొక్కు నొక్కితే పచ్చగీత పాకుతుంది,
నాలుగు నిమిషాల పని.
చీటీ జేబులో గుచ్చుకుంటోంది.
ఆవిడకి ఈ సంగతి తెలీదు,
నాకు తెలుసు.

"అమ్మా" అన్నాను,
"కూర ఇంకాస్త ఉందా?"

కడుపు నిండినవాడు తినే తిండి
ఎంత నెమ్మదిగా దిగుతుందో!
ఒక్కో గింజా లెక్కపెట్టి నమిలాను.
మళ్ళీ వెళ్ళి చూస్తే తొమ్మిదో తారీకు లేదు,
వరసలో మొదట పదో తారీకు నిలబడి ఉంది,
తన వంతు కోసం.

అప్పుడు పంతొమ్మిది తెరిచాను.
అదే కోటు, అదే గొళ్ళెం, అదే వంగడం.
తొమ్మిది కట్టెలు. తీసుకున్నవి ఏడే.
బెరడు పైకి వచ్చేలా ఒక్కొక్కటీ పేర్చి
కెమెరా వైపు తిరిగి టోపీ తీశాడు.
బట్టతల మీద మంచు పడుతోంది.
నలభై సెకన్లు, కదల్లేదు.
ఆ కాస్తా కాపీ చేసి ఇచ్చాను.
ఆవిడ దాన్ని గుండీల డబ్బాలో వేసి మూత బిగించింది.

చీటీ మీద రాశాను:
ఆ తేదీ దృశ్యం పెట్టెలో లేదు.
రాసిందేదీ అబద్ధం కాదు.

లేసుగుడ్డ కప్పి, జింకను మళ్ళీ నిలబెట్టి
"గడియారం తప్పుగా ఉంది, సరిచెయ్యనా?" అన్నాను.
"పదకొండు నిమిషాలేగా" అంది,
"ఉండనీ."

ఎన్ని నిమిషాలో నేను చెప్పలేదు.

బయటికొచ్చాను.
ద్రాక్షపందిరి కింద ఎక్కడ వంగాలో నాకింకా తెలీదు.
నుదురు కొట్టుకుంది.